ఎనామెల్ డయల్: రాగి రేకు నుంచి చివరి కాల్పు దాకా, పగులు ఎక్కడ మొదలవుతుంది?

హనుమకొండ_సేకరణ:

ఎనామెల్ డయల్ ఉన్న వాచీ కొనాలనుకునేవాళ్ళకు తెలుగులో ఒకచోట సమాచారం దొరకడం లేదు. అందుకే ఈ చర్చ మొదలుపెడుతున్నాను. గ్రాండ్ ఫ్యూ డయల్, అంటే లోహపు రేకు మీద గాజు పొడిని కొలిమిలో కరిగించి చేసే డయల్, ఏ వరుసలో తయారవుతుంది, ఎక్కడ చెడిపోతుంది, వాడిన వాచీలో ఉన్నది కొలిమిలో కాల్చిన గాజా లేక పైన పోసిన ఎపాక్సీ జిగురా ఎట్లా పట్టుకోవాలి, ఇవి ముఖ్యంగా కావాలి. ఇంకో ప్రశ్న మన ప్రాంతానికి సంబంధించింది. కరీంనగర్ వెండి తీగపని చేసే చేతులు క్లాయిజొనె డయల్‌కు, అంటే తీగలతో అరలు కట్టి రంగు ఎనామెల్ నింపే డయల్‌కు, తీగ వంచగలవా? చేసేవాళ్ళూ, బాగుచేసేవాళ్ళూ ఇద్దరూ రాయండి. కొలతలు తప్పకుండా ఇవ్వండి.

కొలిమి_వేడి:

తయారీ వరుస నేను రాస్తాను. బొమ్మలేవీ లేని తెల్ల డయల్‌తో మొదలుపెడదాం, అన్నిటికంటే కష్టం అదే. బొమ్మల డయల్‌లో చిన్న మచ్చకు దాక్కునే చోటు ఉంటుంది, తెలుపులో ఉండదు.

అడుగున 0.4 నుంచి 0.5 మి.మీ. మందం ఉన్న రాగి రేకు. బిళ్ళగా కోసి, మధ్యలో రంధ్రం వేసి, ఉక్కు అచ్చులో కొద్దిగా గుబ్బగా ఒత్తుతారు. చదునైన పలచటి రేకు 800 డిగ్రీల దగ్గర మెత్తబడి వంగిపోతుంది, గుబ్బ ఉంటే నిలబడుతుంది. పాత డయళ్ళలో అంచునూ, మధ్య రంధ్రం చుట్టూతానూ సన్నటి గట్టు లేపేవారు, కరిగిన గాజును అదే ఆపుతుంది. రేకును ఎర్రగా కాల్చి చల్లార్చి, నిమ్మ ఉప్పు కలిపిన వేడి నీళ్ళలో నల్లటి ఆక్సైడ్ పోయేదాకా ఉంచాలి. తర్వాత గాజు నార బ్రష్‌తో రుద్ది కడగాలి. కడిగిన రేకు మీద నీళ్ళు ఒకే పొరగా పరుచుకోవాలి. చుక్కలుగా విడిపోతే జిడ్డు ఇంకా ఉన్నట్టే, అక్కడ ఎనామెల్ పట్టదు.

ఇక ఎనామెల్ పొడి. ఇది సిలికా, సీసం లేదా వెలిగారం, సోడా, పొటాష్ కలిపి కరిగించి చల్లార్చిన గాజు. తెలుపుకు టిన్ ఆక్సైడ్, నీలానికి కోబాల్ట్, ఆకుపచ్చకు రాగి, గులాబీ ఎరుపుకు బంగారం కలుపుతారు. ముద్దగా కొంటే అగేట్ కల్వంలో డిస్టిల్డ్ నీళ్ళు పోసి నూరాలి. నూరడం కంటే కడగడం ముఖ్యం. నీళ్ళు పోసి కదిపి, పొడి అడుక్కి దిగాక పైన మిగిలిన తెల్లటి నీళ్ళు వంపేయాలి. నీళ్ళు తేటపడేదాకా మళ్ళీ మళ్ళీ అదే పని. ఆ సన్న దుమ్ము ఉండిపోతే పారదర్శక రంగులు మసకబారతాయి, తెలుపులో సూది బెజ్జాలు పడతాయి. మన వైపు బోరు నీళ్ళతో కడగొద్దు, అందులోని ఉప్పులు గాజులో పొగలా నిలిచిపోతాయి. పొడిలో సీసం ఉండొచ్చు, సిలికా ఎటూ ఉంటుంది. కాబట్టి తడిగానే నూరాలి, ఎండు పొడి జల్లేటప్పుడు మాస్కు లేకుండా కూర్చోవద్దు.

కాల్పుల్లో మొదటిది వెనక వైపు. వేడెక్కినప్పుడు రాగి ఒక్కో డిగ్రీకి పది లక్షల్లో సుమారు 17 వంతులు సాగుతుంది, ఎనామెల్ అంతకంటే బాగా తక్కువ. చల్లారేటప్పుడు రాగి ఎక్కువ ముడుచుకుని గాజును నలువైపులా నొక్కి పట్టుకుంటుంది. ఒత్తిడిని గాజు బాగా తట్టుకుంటుంది, లాగుడును తట్టుకోలేదు. పూత ఒక్క వైపే ఉంటే బిళ్ళ వంగుతుంది, వంగినచోట లాగుడు మొదలవుతుంది, పగులు అక్కడే పుడుతుంది. అందుకే వెనక కూడా దాదాపు అంతే మందం పూత వేస్తారు. దాన్ని కౌంటర్ ఎనామెల్ అంటారు.

ముందువైపు జిగురు నీళ్ళు పలచగా పట్టించి, 80 మెష్ (అంగుళానికి 80 కన్నాల) జల్లెడతో పొడిని సమంగా జల్లాలి. కొలిమి మూత మీద పెట్టి ఆవిరి పూర్తిగా ఆగేదాకా ఆరబెట్టాలి. తడి మిగిలితే లోపలికి పోగానే పొడి చిటపటమని ఎగిరి పడుతుంది. కొలిమి 820 నుంచి 850 డిగ్రీలు, సమయం ఒక నిమిషం, నిమిషంన్నర. గడియారం కంటే కన్నును నమ్మాలి. పొడి ముందు నల్లబడుతుంది, తర్వాత పంచదార పలుకుల్లా కనిపిస్తుంది, తర్వాత అలలు తేలుతుంది, చివరికి అద్దంలా పరుచుకుంటుంది. పరుచుకున్న వెంటనే తీయాలి. ఇంకా ఉంచితే అంచుల దగ్గర గాజు వెనక్కి లాగి రాగి ఆకుపచ్చగా బయటపడుతుంది. తీసిన డయల్‌ను సీలింగ్ ఫ్యాన్ కింద పెట్టొద్దు. కొలిమి నోటి దగ్గరే మెల్లగా చల్లారనివ్వాలి.

ఇట్లా నాలుగు నుంచి ఆరు పొరలు. పొరల మధ్య డైమండ్ రాయితో నీళ్ళలో సాన పట్టి చదును చేయాలి. అన్నీ అయ్యాక డయల్ మందం సుమారు 1 మి.మీ. మామూలు ఇత్తడి డయల్ 0.4 మి.మీ. చుట్టుపక్కల ఉంటుంది. ఆ తేడా వల్ల ముళ్ళ ఎత్తు, కేసు లోపలి చోటు అన్నీ మారిపోతాయి. అంకెలు నల్ల ఎనామెల్ సిరాతో ముద్రించి, ముందటి కాల్పుల కంటే తక్కువ వేడిలో మరోసారి కాలుస్తారు.

వరంగల్_చౌరస్తా_గడియారం:

కొలిమి అన్న మొహం సంగతి బాగ చెప్పిండు. నేను కాళ్ళ సంగతి చెప్త. బెంచి మీదికొచ్చే ఎనామెల్ డయళ్ళల్ల పగుళ్ళు చానా మటుకు మూడే చోట్ల ఉంటయి: కాళ్ళ పైన, మధ్య రంధ్రం చుట్టు, అంచు మీద.

డయల్ కాళ్ళంటే డయల్‌ను మెషిన్‌కు పట్టి ఉంచే వెనకటి చిన్న పుల్లలు, అవి రాగివి. ఎనామెల్ ఎయ్యక ముందే గట్టి టంకంతోని అతికిస్తరు. మెత్త టంకం పెడితె మొదటి కాల్పుకే ఊడిపోతది. కొలిమిల పెట్టేటప్పుడు అంచు మీద ఆనించి కాళ్ళు కిందికి ఏలాడేటట్టు ముక్కాలి పీట మీద పెడతరు. కాళ్ళు మెషిన్ ప్లేటు పక్కల స్క్రూలతోని బిగుస్తయి. స్క్రూ అతిగ బిగిస్తె కాలు పక్కకు ఒరుగుతది, ఆ లాగుడు మొత్తం పైన గాజు మీద పడతది. కాలు ఉన్న చోటు నుంచి అంచు దాకా గీత లేసిందంటే కారణం అదే. ఒరిగిన కాలును పట్టకారుతోని తిన్నగ చెయ్యబోవద్దు, అక్కడ్నే పెచ్చు లేస్తది. కాలును అట్లనే ఉంచి డయల్ కూసునేటట్టు స్క్రూ మెల్లగ సదరాలె.

ముళ్ళు తీసేటప్పుడు ఇంకో ఆపద. డయల్ మీద కాళ్ళు మోపి ముల్లును లాగే ప్రెస్టో పనిముట్టు ఎనామెల్ మీద వాడొద్దు, బలమంత రంధ్రం పక్కన్నే పడతది. కింద పలచటి ప్లాస్టిక్ రేకు పరిచి, రెండు లివర్లు ఎదురెదురుగ పెట్టి, రెండింటిని ఒక్కసారి తిన్నగ లేపాలె. సెకండ్ల ముల్లుకైతె ఇంకింత జాగ్రత్త.

అంచు పెచ్చులు మాత్రం కేసుల పెట్టేటప్పుడే వస్తయి. డయల్ మందం ఎక్కువ కాబట్టి కేసు రింగు దాన్ని నొక్కుతుందా అని ముందే చూసుకోవాలె.

తీగపని_కరీంనగర్:

సేకరణ గారు అడిగిన మాటకు వస్తున్న. మా పనిల రెండు సన్నటి వెండి తీగలు పురి పెట్టి, చదును చేసి, చట్రం లోపల నింపి టంకం పోస్తం. కరీంనగర్ ఫిలిగ్రీకి (వెండి తీగపనికి) 2007ల జీఐ గుర్తింపు, అంటే ఊరి పేరుతోని వచ్చే సర్కారు గుర్తింపు, వచ్చింది ఈ పనికే. కమ్మచ్చుల తీగ గుంజుడు, చిమ్టాతోని వంచుడు, గులాబీ, లత, నెమలి, ఇవన్ని చేతికి అలవాటే. మరి అదే పురి తీగను రాగి డయల్ మీద నిలబెట్టి రంగు నింపితె ఏమైతది?

కొలిమి_వేడి:

చెయ్యి సరిపోతుంది. తీగ సరిపోదు. మూడు కారణాలు ఉన్నాయి, మూడూ గట్టివే.

మొదటిది పురి. పురి సందుల్లో గాలి చిక్కుకుంటుంది, కాల్పులో బుడగలై తీగ వెంబడి వరుసగా తేలుతుంది. పైన సాన పట్టాక గీత కూడా రంపపు పళ్ళలా కనిపిస్తుంది. క్లాయిజొనెకు పురి లేని, నున్నగా చదును చేసిన పట్టీ కావాలి. మందం 0.1 మి.మీ. లోపు, ఎత్తు ఎనామెల్ లోతుకు కొంచెం ఎక్కువ. గుండ్రటి తీగను కమ్మచ్చులో లాగి రోలర్లో నొక్కితే మీ దగ్గరే తయారవుతుంది.

రెండోది వెండి నాణ్యం. 92.5 వెండి కొలిమి వేడి దగ్గరే కరగడం మొదలుపెడుతుంది, అందులోని రాగి పైకి వచ్చి నల్లబడుతుంది. మేలిమి వెండి 961 డిగ్రీల దాకా నిలుస్తుంది, అదే వాడాలి. టంకం అస్సలు వద్దు, తీగను గాజే పట్టుకుంటుంది.

మూడోది చాలామందికి తట్టదు. మేలిమి వెండి విడిగా 961, రాగి విడిగా 1085 డిగ్రీల దగ్గర కరుగుతాయి. కానీ రెండూ ఒకదానికొకటి తగిలి ఉంటే ఆ తాకిన చోట 779 డిగ్రీలకే కలిసి కరుగుతాయి. మనం కాల్చేది 820 దగ్గర. రాగి రేకును నేరుగా తాకిన వెండి తీగ కళ్ళముందే రాగిలోకి ఇంకిపోతుంది. అందుకే రాగి మీద ముందు ఒక పొర ఎనామెల్ కాల్చి, దాని మీద తీగలు నిలబెట్టి, ట్రాగకాంత్ జిగురుతో అంటించి, ఆ పొరలో కాస్త దిగేంత వరకే కాల్చాలి. పొడుగ్గా కాలిస్తే తీగ అడుక్కి దిగిపోయి రాగికి తగులుతుంది. స్విట్జర్లాండ్ డయళ్ళలో బంగారు తీగ ఎక్కువగా కనిపించడానికి రంగు ఒక్కటే కారణం కాదు. బంగారం, రాగి కలిసినా ఈ వేడికి కరగవు.

తీగపని_కరీంనగర్:

సమజైంది. ఇంకో మాట. తిన్నటి తీగ పట్టీ కొలిమిల పక్కకు పడిపోతది కద?

కొలిమి_వేడి:

తిన్నటి ముక్క నిలబడదు, నిజమే. చిన్న వంపైనా పెట్టి వంచాలి, లేదా మూల మడిచి ఎల్ ఆకారంలో ఉంచాలి. నదీ తీరాలు, ఖండాల అంచులు క్లాయిజొనెకు బాగా నప్పుతాయి, వాటిలో తిన్నటి గీత ఉండదు. స్విస్ వాచీ కంపెనీ పాటెక్ ఫిలిప్ 1950ల నాటి వరల్డ్ టైమ్ 2523 మోడల్‌లో మధ్యన ఉన్న ఖండాల పటాలు అట్లా చేసినవే. తీగలు కూర్చున్నాక అరల్లో తడి పొడిని సన్న కుంచెతో నింపి, బట్ట మొన ఆనించి నీళ్ళు లాగేయాలి. కాలిస్తే పొడి మందం దాదాపు సగానికి దిగుతుంది, కాబట్టి మూడు, నాలుగు సార్లు నింపి కాల్చాల్సి వస్తుంది. ఒకేసారి నిండుగా నింపితే మధ్యన గాలి మిగిలి, సాన పట్టినప్పుడు గుంట తెరుచుకుంటుంది. అట్లాంటి గుంట పడితే సన్న డైమండ్ బర్రుతో శుభ్రంగా తొలిచి, కడిగి, నింపి, మళ్ళీ కాల్చడమే దారి. మురికి అట్లాగే ఉంచి పైన నింపితే మరో బుడగ లేస్తుంది.

జగిత్యాల_ఐగ్లాస్:

వెండి రేకు మీద గిలోషె (యంత్రంతో వేసే వరస గీతల నగిషీ) చెక్కి, పైన పారదర్శక ఎనామెల్ వేసిన డయళ్ళలో నీలం, ఆకుపచ్చ ఎక్కువ. ఎరుపు అంత అరుదు ఎందుకు?

కొలిమి_వేడి:

ఎరుపు, గులాబీ రంగులు వెండికి తగిలితే పసుపు, గోధుమ వైపు తిరిగిపోతాయి. మధ్యన రంగులేని పొర, దాన్నే ఫాండాన్ అంటారు, వేసి వెండిని వేరు చేయాలి, లేకుంటే బంగారు రేకు పరచాలి. ఎరుపు వేడికి కూడా సున్నితం, ఒక్క కాల్పు ఎక్కువైతే చచ్చిపోయి గోధుమ రంగుకు దిగుతుంది. నీలం కోబాల్ట్ కాబట్టి ఎన్ని కాల్పులకైనా నిలుస్తుంది. గిలోషె మీద ఎక్కువ పొరలు వేస్తే చెక్కడం అడుగున మునిగిపోతుంది, తక్కువ వేస్తే సాన పట్టేటప్పుడు చెక్కడం శిఖరాలు బయటపడతాయి. ఆ మధ్య గీత పట్టుకోవడమే ఆ పనిలో నైపుణ్యం. నాకు అన్ని రకాల్లోకీ ఇష్టమైన పని ఇదే.

హనుమకొండ_సేకరణ:

ఇద్దరికీ ధన్యవాదాలు. ఇక గుర్తుపట్టే సంగతి. పది రెట్లు పెద్దదిగా చూపే ఐగ్లాస్‌తో (గడియారం పనివాళ్ళు కంటికి పెట్టుకునే అద్దం) కిటికీ వెలుగు పక్కనుంచి పడేట్టు పట్టుకుని మధ్య రంధ్రం చూడాలి. కాల్చిన గాజు రంధ్రం చుట్టూ మెత్తగా గుండ్రంగా దిగుతుంది. ఎపాక్సీ పూత అంచు కోసినట్టు పదునుగా ఉంటుంది. ట్యూబ్‌లైటు ప్రతిబింబాన్ని డయల్ మీద మెల్లగా నడిపిస్తే గాజు మీద అది కొద్దిగా వంకర తిరుగుతుంది, లక్క పూత మీద తిన్నగా సాగుతుంది. పూర్తి నిర్ధారణ మాత్రం డయల్ తీసి వెనక చూస్తేనే. వెనక కౌంటర్ ఎనామెల్, రాగి కాళ్ళు కనిపిస్తే సందేహం తీరినట్టు.

పింగాణీ డయళ్ళతో కూడా కలపొద్దు. సీకో ప్రెసాజ్‌లో అరిటా పింగాణీ డయల్ ఉంది, ఎనామెల్ డయల్ వేరే ఉంది. పింగాణీలో అడుగున లోహపు రేకు ఉండదు. ఈ పని జపాన్‌కు కొత్త కాదు, అక్కడి మొదటి చేతి గడియారం, 1913 నాటి సీకో లారెల్, ఎనామెల్ డయల్‌తోనే వచ్చింది.

వేలం ఫోటోలు చూసేవాళ్ళకు ఒక మాట. పాటెక్ ఫిలిప్ 2526, 1953లో వచ్చిన వారి మొదటి ఆటోమేటిక్, మొదటి వరస డయళ్ళలో బంగారు గంట గుర్తుల చుట్టూ చిన్న గుంటలు కనిపిస్తాయి. గుర్తులు గుచ్చడానికి ఎనామెల్‌లో వేసిన రంధ్రాల దగ్గర గాజు దిగడం వల్ల అవి వచ్చాయి. వాటిని లోపమనుకుని తోసేయొద్దు, కొనేవాళ్ళు ఆ గుంటల కోసమే వెతుకుతారు.

జగిత్యాల_ఐగ్లాస్:

అల్ట్రావయొలెట్ టార్చి సంగతి కూడా కలపండి. పగులు, పెచ్చు ఎపాక్సీతో నింపిన చోట చాలాసార్లు నీలంగా వెలుగుతుంది. అన్ని రెజిన్లూ వెలగవు, కాబట్టి వెలగకపోతే నింపలేదని తేల్చడానికి లేదు. వెలిగితే మాత్రం అడగాల్సిందే.

హెయిర్‌లైన్‌ల, అంటే వెంట్రుక లాంటి సన్న పగుళ్ళ, సంగతి కూడా చెప్పండి. కట్టుడు పళ్ళు శుభ్రం చేసే మాత్ర గోరువెచ్చని నీళ్ళలో వేసి, డయల్ ముంచితే నల్ల గీత మాయమవుతుందని చాలామంది అంటారు. చేయొచ్చా?

వరంగల్_చౌరస్తా_గడియారం:

గీత పోదు, గీతల చేరిన మురికి పోతది, అందుకె కనవడదు. డయల్ మెషిన్ నుంచి పూర్తిగ విప్పినంకనే చెయ్యాలె. అంకెలు కాల్చినవి అయితేనే చెయ్యాలె. కాల్చని సిరా అయితె పేరు, అంకెలు నీళ్ళల్ల కొట్టుకపోతయి. ముందు అంచు మీద ఒక చుక్క సిరా ఉన్న చోట తడి దూది ఆనించి సూడాలె, రంగు అంటిందంటే ఆపెయ్యాలె. తీసినంక పూర్తిగ ఆరాలె, పగుల్ల తడి మిగిలితె కింద రాగి పచ్చగైతది. అల్ట్రాసోనిక్ తొట్టిల మాత్రం ఏ ఎనామెల్ డయల్ ఎయ్యొద్దు, ఉన్న పగులు పొడుగైతది.

హనుమకొండ_సేకరణ:

ఇక్కడ నేను ఒప్పుకోను. శుభ్రం చేయడం వరకు సరే. అమ్మే వాచీకి అది చేసి, పగులు ఉందని చెప్పకపోతే కొన్నవాడికి అన్యాయమే. గీత నల్లగా ఉండడమే మేలని నా అభిప్రాయం, ఉన్నది ఉన్నట్టు కనిపిస్తుంది. చేసినా ముందు ఫోటో, తర్వాత ఫోటో రెండూ ఉండాలి.

వరంగల్_చౌరస్తా_గడియారం:

చెప్పకుండ అమ్మొద్దు, ఆ మాట నాది కూడ అదే. కాని పగుల్ల మురికి ఉంచుడు కూడ మంచిగ లేదు అన్న, అది తడిని గుంజుకుంటది. శుభ్రం చెయ్యాలె, కాయితం మీద రాసియ్యాలె.

తీగపని_కరీంనగర్:

పగిలిన డయల్‌ను మల్ల కొలిమిల పెడితె గాజు కరిగి అతుక్కోదా?

కొలిమి_వేడి:

కొత్త డయల్ తయారీలో, అంకెలు వేయక ముందైతే కొన్నిసార్లు అతుకుతుంది. వాడిన డయల్‌కు పనికిరాదు. పగులులోని మురికి కాలి నల్లటి బుడగల గీతగా మారిపోతుంది. అంకెల సిరా తక్కువ వేడికి కాల్చింది, ఎక్కువ వేడికి చెదిరిపోతుంది. సెకండ్ల చిన్న డయల్ విడిగా చేసి లోతుగా అమర్చినదైతే దాన్ని మెత్త టంకంతో అతికించి ఉంటారు, కొలిమిలో అది ఊడి వస్తుంది. కాబట్టి పాత డయల్‌కు దారి రెండే: ఉన్నట్టు ఉంచడం, లేదా చల్లటి పద్ధతిలో పెచ్చు నింపి ఆ విషయం రాసివ్వడం. కొత్త డయల్ చేయించాలంటే అది మరో పని. స్విట్జర్లాండ్‌లో లె లోక్ల్ ఊళ్ళోని డాన్జె కాద్రాన్ అనే ఎనామెల్ కార్ఖానా 1972 నుంచి ఈ పని మీదే ఉంది. ఇప్పుడు అది యులిస్ నార్డిన్ వాచీ కంపెనీ చేతిలో ఉంది.

తీగపని_కరీంనగర్:

రాగి బిళ్ళల మీద మొదలుపెట్టాలంటే పొడి ఎక్కడిది తీసుకోవాలె? జైపూర్ మీనా పొడి దొరుకుతది.

కొలిమి_వేడి:

వాడొచ్చు, ఒక షరతు మీద. మీనాకారీ ఎక్కువగా బంగారం, వెండి మీద, చెక్కిన గుంటల్లో పలచగా చేసే పని. ఆ పొడి రాగితో సమంగా సాగుతుందో లేదో ముందు తేల్చుకోవాలి. డయల్ కొలతలోనే, అంటే 30 మి.మీ. బిళ్ళ మీద రెండు వైపులా అదే పొడి కాల్చి, వారం పాటు పక్కన పెట్టి ఐగ్లాస్‌తో చూడండి. సాగుడు కుదరకపోతే పగులు వెంటనే రాకపోవచ్చు, రోజుల తర్వాత వస్తుంది. ఒకే డయల్ మీద రెండు కంపెనీల పొడులు కలపొద్దు, తెలుపు ఒకరిది, నీలం మరొకరిది అయితే సరిహద్దు దగ్గరే పగులుతుంది. కొలిమికి వేడి కొలిచే కె రకం థర్మోకపుల్ పెట్టుకోండి. తలుపు తెరవగానే వేడి బాగా పడిపోతుంది, అది మళ్ళీ ఎక్కే వేగాన్ని బట్టే మీ సమయం లెక్క. ఎండాకాలం వోల్టేజీ తగ్గిన పూట ఆ ఎక్కడం నెమ్మదిస్తుంది, నిమిషం లెక్క పట్టుకుని తీస్తే పొర అలల దగ్గరే ఆగిపోతుంది.

జగిత్యాల_ఐగ్లాస్:

ఆఖరుగా ఒకటి. మన ఎండకు, 45 డిగ్రీల్లో బండి డాష్‌బోర్డు మీద పెట్టినా డయల్‌కు ఏమైనా అవుతుందా?

వరంగల్_చౌరస్తా_గడియారం:

ఎనామెల్‌కు ఏం కాదు, 800 డిగ్రీలు చూసొచ్చిన గాజు అది. ఎండకు రంగు ఎలిసిపోదు. మెషిన్ నూనె ఎండుతది, రబ్బరు వాషరు గట్టిపడతది, తోలు పట్టీ చెడుతది. డయల్‌కు భయం కింద పడుడే. నేల మీద పడ్డ ఎనామెల్ వాచీ ఆడుతున్నా సరే, డయల్ విప్పి కాళ్ళ దగ్గర ఐగ్లాస్‌తోని సూపియ్యుమని చెప్పండి. గీత కాలు దగ్గర లేస్తే డయల్ స్క్రూలు సగం తిప్పు సడలించి పెట్టాలె, గాజు మీద లాగుడు తగ్గుతది.